చెత్త నుంచి కరెంటు: తడి చెత్త చేనుకు, పొడి చెత్త పొయ్యికి

వానకు తడిసిన పత్తికట్టెను పొయ్యిలో పెట్టి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా గొట్టంతో ఊదిన ప్రతి ఇల్లాలికీ ఒక సంగతి తెలుసు. తడి కట్టె మండదు. ఒకవేళ మండినా అన్నం ఉడికేంత వేడి రాదు, పొగ మాత్రం ఇల్లంతా కమ్ముతుంది. మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతిని పెద్దలు మరచిపోయినందువల్లనే, పట్నాల చెత్త నుంచి కరెంటు తీస్తామంటూ మన దేశంలో కట్టిన కర్మాగారాలు ఒకదాని తరువాత ఒకటి మూతపడ్డాయి. కోట్ల రూపాయలు బూడిదలో పోసిన పన్నీరయ్యాయి.

ఇది పట్నం వాళ్ళ గొడవ, మనకెందుకని పల్లెవాసులు అనుకోవడానికి వీలు లేదు. పట్నం చెత్త పట్నంలో వుండదు. తెల్లవారకముందే లారీలెక్కి ఏదో ఒక పల్లె పొలిమేరకు వస్తుంది. ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఎడ్లపాడు మండలం కొండవీడు దాపున 15 మెగావాట్ల చెత్త విద్యుత్ కర్మాగారం వెలిసింది. గుంటూరు, విజయవాడలతో పాటు చుట్టుపక్కల పట్టణాల చెత్త కూడా అక్కడికి చేరాలన్నది ఏర్పాటు. విశాఖపట్నానికి కాపులుప్పాడ, హైదరాబాదుకు జవహర్‌నగర్ ఎలాగో, మన పట్టణాలకు ఇది అలాగ. కాబట్టి ఈ కరెంటు ఎలా పుడుతుంది, ఎందుకు పుట్టకుండా పోతుంది, పుట్టినప్పుడు మన గాలికీ నీటికీ ఏమవుతుంది అన్నది మనం తెలుసుకుని తీరాలి.

ఢిల్లీ నేర్పిన పాఠం

ఈ కథ 1987లో మొదలైంది. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్కు దేశపు యంత్రాలతో ఒక కర్మాగారం కట్టారు. రోజుకు 300 టన్నుల చెత్త కాల్చి 3.75 మెగావాట్ల విద్యుచ్ఛక్తి తీయాలన్నది ఉద్దేశం. కర్మాగారం ప్రయోగాత్మకంగా నడిచినది దాదాపు 3 వారాలు మాత్రమే. ఆ తరువాత 1990లో దానిని మూసివేశారు.

యంత్రం చెడిపోలేదు. చెత్తే మండలేదు. ఆ యంత్రం నడవాలంటే కిలో చెత్త నుంచి కనీసం 1,460 కిలోకేలరీల వేడి రావాలి. ఢిల్లీ చెత్త నుంచి వచ్చింది 600, 700 మాత్రమే. డెన్మార్కులో చెత్తబుట్టలో పడేది ఎక్కువగా కాగితం, అట్టపెట్టెలు, చెక్క, ప్లాస్టిక్కు. మన దేశంలో అట్టపెట్టె, సీసా, పాత పేపరు చెత్తబుట్ట దాకా రానే రావు. వాటిని ఇంటి దగ్గరే పాత సామాన్ల వాడికి అమ్ముతాము. అక్కడా తప్పించుకున్నవి వుంటే చిత్తుకాగితాలు ఏరుకునే బీదవారు ఏరుకుంటారు. ఇక మిగిలేది కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, అరటాకులు, కొబ్బరిబోండాలు, వాటితో కలిపి ఊడ్చిన వీధి మట్టి, కాలువలో తీసిన పూడిక. అటువంటి దానిని డెన్మార్కు పొయ్యిలో పోసి కరెంటు రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది?

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికి 600 కిలోకేలరీలకు పైగా వేడి కావాలి. చెత్తలో సగం నీరే అయితే, దానిని ఆరబెట్టడానికే కిలోకు 300 కిలోకేలరీలు ఖర్చవుతుంది. ఇక మట్టి మండదు సరికదా, పక్కనున్న వేడిని కూడా తాగేస్తుంది. ఇంత పోయాక బాయిలరుకు మిగిలేదెంత?

మన దగ్గరా అదే కథ

ఢిల్లీ అనుభవం తరువాతనైనా మనం నేర్చుకున్నామా అంటే, అదీ లేదు. 2003లో విజయవాడలో 6 మెగావాట్ల కర్మాగారం ప్రారంభమైంది. విజయవాడ, గుంటూరు పట్టణాల చెత్తను ఎండబెట్టి, మట్టి తీసివేసి, తునకలుగా చేసి కాల్చాలన్నది పథకం. అదే సంవత్సరం షాద్‌నగర్ దగ్గర ఎలికట్ట గ్రామంలో 6.6 మెగావాట్ల మరో కర్మాగారం వచ్చింది. లక్నోలో తడి చెత్తను కుళ్ళబెట్టి గ్యాసు తీసి, దానితో 5 మెగావాట్ల కరెంటు పుట్టించే కర్మాగారం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. లక్నో కర్మాగారం ఎంతో కాలం నిలవలేదు. గ్యాసు తొట్టిలోకి కుళ్ళే చెత్తతో పాటు మట్టీ, ఇసుకా, ప్లాస్టిక్కూ వచ్చిపడ్డాయి. విజయవాడ, ఎలికట్ట కర్మాగారాలు కొన్నేళ్ళు నడిచి ఆగిపోయాయి.

ఈ రెంటిలోనూ చెత్తతో పాటు వరి ఊక వంటివి కొంత కలిపి కాల్చుకోవడానికి అనుమతి వుండేది. చెత్త ఒక్కటే సరిగా మండదని ఇంతకంటే సాక్ష్యమేమి కావాలి? ఊకతో కరెంటు తీయడానికి పట్నం చెత్త ఎందుకు, రైసు మిల్లు చాలదా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టం. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇటువంటి కొత్త కర్మాగారాలకు ప్రభుత్వ సబ్సిడీని 2005లో న్యాయస్థానం నిలిపివేసింది. నిపుణుల కమిటీ పరిశీలన తరువాత 2007లో ఐదు ప్రయోగాత్మక పథకాలకు మాత్రం అనుమతించింది. ఆ కేసులో చర్చకు వచ్చిన అసలు విషయం కూడా చెత్త తీరే కాని, యంత్రాల తీరు కాదు.

2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఘనవ్యర్థాల నిబంధనల్లో ఈ అనుభవమంతా ఒక్క అంకెలోకి వచ్చింది. తిరిగి వాడుకోవడానికి పనికిరాని చెత్తలో కిలోకు 1,500 కిలోకేలరీలకు తక్కువ కాకుండా వేడినిచ్చే దానిని గోతుల్లో పూడ్చకుండా శక్తి ఉత్పత్తికి వాడాలని ఆ నిబంధనలు చెప్పాయి. ఇళ్ళలోనే తడి, పొడి, ప్రమాదకర చెత్తను వేరుచేయాలని కూడా చెప్పాయి. అంటే పొయ్యికి వెళ్ళవలసింది ఎండిన, మండే, మరి దేనికీ పనికిరాని చెత్త మాత్రమే. నిబంధన బాగానే వుంది. కాని మన వీధిలోకి వచ్చే చెత్త బండి వంక చూడండి. ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా వేరువేరుగానే వుంటాయి. ఇంట్లోంచి వచ్చే బుట్ట మాత్రం ఒకటే!

గుట్ట కూడా ప్రమాదమే

ఇంతమాత్రం చేత చెత్త విద్యుత్తు వద్దే వద్దని ఈ వ్యాసం వాదించడం లేదు. ఏమీ చేయకుండా గుట్టలు పోస్తూ పోతే జరిగేది అంతకన్నా ఘోరం. 2017 మార్చిలో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో కొషే అనే చెత్త గుట్ట జారి, దాని అంచున గుడిసెలు వేసుకున్న వందమందికి పైగా బీదజనం సమాధి అయ్యారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఢిల్లీ ఘాజీపూర్ గుట్ట విరిగిపడి ఇద్దరు చనిపోయారు. జవహర్‌నగర్ గుట్ట నుంచి కారిన నల్లని ఊట చుట్టుపక్కల బావులనూ చెరువునూ పాడు చేసిన సంగతి ఆ ప్రాంతపు గ్రామాలవారికి విదితమే. వేసవిలో గుట్టలు అంటుకుని వారాల తరబడి రాజుకుంటూ వుంటే, ఆ పొగకు లెక్కా లేదు, అదుపూ లేదు.

సరైన చెత్త వేసి, సరైన వేడితో నడిపితే కర్మాగారం ఈ గుట్టను బాగా తగ్గిస్తుంది. పది బండ్ల చెత్త కాలితే దాదాపు ఒక బండి బూడిద మిగులుతుంది. స్థలం ఆదా, ఊట వుండదు, దుర్గంధం తగ్గుతుంది. కొషే గుట్ట పక్కనే ఇథియోపియా ప్రభుత్వం 2018లో కర్మాగారం తెరిచింది కూడా ఇందుకే. కాబట్టి చెత్త విద్యుత్తుకు అసలు ప్రయోజనం గుట్ట తగ్గడం. కరెంటు దాని వెంట వచ్చే చిన్న లాభం.

ఎంత చిన్నదో చూద్దాం. 15 మెగావాట్ల కర్మాగారం ఒక్క నిమిషం ఆగకుండా నడిస్తే రోజుకు 3,60,000 యూనిట్లు. దానిలో పదో వంతుకు పైగా దాని సొంత మోటార్లకే సరిపోతుంది. ఐదు గుర్రాల మోటారు రోజుకు 9 గంటలు నడవడానికి సుమారు 35 యూనిట్లు కావాలి. అంటే ఆ కర్మాగారం మొత్తం కలిసి 9 వేల మోటార్లకు సరిపడే కరెంటు ఇవ్వగలదు. అదీ అన్నీ సక్రమంగా సాగితే. ఇబ్రహీంపట్నంలోని థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,500 మెగావాట్లు దాటింది. దానితో పోలిస్తే ఇది నూరో వంతు కూడా కాదు. పైగా సౌర విద్యుత్తు యూనిట్ 3 రూపాయల లోపు దొరుకుతున్న రోజుల్లో, చెత్త కరెంటుకు 6, 7 రూపాయలు చెల్లించే ఒప్పందాలు జరిగాయి. ఆ తేడా చివరకు వినియోగదారుడి బిల్లులోకో, ప్రభుత్వ ఖజానాలోకో చేరుతుంది. పట్నం శుభ్రంగా వుండడానికి అది తగిన ధరే కావచ్చు. కాని కరెంటు కోసమని చెప్పి పల్లెను ఒప్పించడం మాత్రం సబబు కాదు.

పొగ, బూడిద

పల్లెవాసులకు అసలు భయం పొగ గురించి. ఆ భయం అర్థం లేనిది కాదు. చెత్తలో పీవీసీ గొట్టాల ముక్కలు, పాత చెప్పులు, వైర్ల తొడుగులు వుంటాయి. వాటిని చాలీచాలని మంటలో కాలిస్తే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. అవి గాలిలో వచ్చి గడ్డి మీద, నేల మీద పడతాయి. గడ్డి మేసిన గేదె కొవ్వులోకి, అక్కడి నుంచి పాలలోకి చేరతాయి. ఒకసారి ఒంట్లోకి వెళ్ళాక ఏళ్ళ తరబడి పోవు.

దీనికి విరుగుడు లేకపోలేదు. పొయ్యిలో వాయువు 850 డిగ్రీల పైన కనీసం 2 సెకన్లు వుండాలి. ఆ తరువాత త్వరగా చల్లారాలి. దానిలో సున్నం, బొగ్గుపొడి చల్లి, సంచుల వంటి వడపోతల గుండా పంపాలి. ఇవన్నీ జరిగితే పొగగొట్టం నుంచి వచ్చేది, మనం చెరువు గట్టు మీద ప్లాస్టిక్కు పోగేసి నిప్పుపెట్టినప్పుడు వచ్చే పొగ కంటే ఎన్నో రెట్లు శుభ్రం. కాని ఇక్కడే మళ్ళీ తడి కట్టె కథ. తడి చెత్త ఒక్కసారిగా వచ్చి పడితే మంట చల్లబడుతుంది. మంట చల్లబడితే విషం పుడుతుంది. అంటే పట్నంలో ఒక ఇల్లాలు అరటితొక్కను ఏ బుట్టలో వేసిందన్న దాని మీద, పది కోసుల అవతల పల్లెలోని పసిబిడ్డ పీల్చే గాలి ఆధారపడి వున్నది!

ఇక బూడిద. పొయ్యి అడుగున మిగిలేది ఒక రకం, వడపోత సంచుల్లో పట్టుబడేది మరొక రకం. రెండవది సీసం, కాడ్మియం వంటి లోహాలు పేరుకున్న ప్రమాదకర పదార్థం. దానిని ప్లాస్టిక్కు పొరలు పరచిన ప్రత్యేక గోతిలోనే పూడ్చాలి. రోడ్డు పక్క పల్లంలోనో, మట్టి తవ్విన క్వారీలోనో పోస్తే, తొలకరి వానకే బావిలోకి దిగుతుంది. ఢిల్లీలోని ఓఖ్లాలో 2012లో మొదలైన కర్మాగారం మీద చుట్టుపక్కల కాలనీల ప్రజలు ఏళ్ళ తరబడి హరిత ట్రిబ్యునల్‌లో పోరాడింది పొగ, బూడిద గురించే. చదువూ, పలుకుబడీ వున్న రాజధాని వాసులకే అంత పోరాటం అవసరమైతే, మన పల్లెల మాట చెప్పాలా?

చేనుకు రావలసిన సొత్తు

ఇంతకూ రైతుకు ముఖ్యమైన సంగతి మరొకటి వుంది. పట్నం చెత్తలో సగం, అంతకు మించి వుండే తడి చెత్త నిజానికి చెత్త కాదు. అది మన చేలనుంచే వెళ్ళింది. మన వంకాయ, మన అరటి, మన తోటకూర. ఒకప్పుడు పట్నం పెంట ఎద్దుబండ్ల మీద చుట్టుపక్కల పొలాలకు తిరిగి వచ్చేది. దానికి డబ్బిచ్చి మరీ తోలుకునేవారు. ప్లాస్టిక్కు సంచులు వచ్చాక ఆ దారి తెగిపోయింది. తరువాతి కాలంలో పట్నం కంపోస్టు కొని చేలో వేసుకున్న రైతులకు గాజు పెంకులు, బ్లేడు ముక్కలు అరికాళ్ళలో గుచ్చుకున్నాయి. రెండోసారి ఎవరు కొంటారు? మన నేలల్లో సేంద్రియ పదార్థం తరిగిపోయి, బస్తా మీద బస్తా యూరియా వేస్తున్న రోజుల్లో, ఎరువు కావలసిన దానిని పొయ్యిలో వేసి, అది మండలేదని ఏడవడం కంటే తెలివితక్కువ పని వుంటుందా?

తడి చెత్తను వేరుగా పడితే ఏమి చేయవచ్చో కళ్ళెదుట వున్నది. సికింద్రాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు పది టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల వరకు కరెంటు, వంటకు 30 కిలోల గ్యాసు తీసే ఏర్పాటు చేశారు. అక్కడ పనిచేసింది గొప్ప యంత్రం కాదు. మార్కెట్టు కాబట్టి వచ్చేది శుభ్రమైన తడి చెత్త. అంతే రహస్యం. ఇండోర్ నగరంలో ఇంటింటా తడి పొడి వేరుచేయడం అలవాటు చేసి, ఆ తరువాత 2022లో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి బస్సులు నడిపే గ్యాసు తీసే కర్మాగారం ప్రారంభించారు. గ్యాసు తీశాక మిగిలిన పిప్పి ఎరువు. ముందు వేరుచేయడం, తరువాత కర్మాగారం. మన దగ్గర ముందు కర్మాగారం, ప్రారంభోత్సవం, శిలాఫలకం. వేరుచేయడం సంగతి తరువాత చూద్దామంటారు.

మనం అడగవలసినవి

పట్నం ప్రయోజనం కోసం పల్లె పోరంబోకు భూమిని ఇచ్చివేయడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు వుంటుంది. అటువంటి ప్రతిపాదన వచ్చినప్పుడు గానీ, వచ్చిన కర్మాగారం విషయంలో గానీ, గ్రామసభలో కూర్చుని ఈ నాలుగు ప్రశ్నలు వేయాలి. వేయడమే కాదు, జవాబులు కాగితం మీద రాయించుకోవాలి.

మొదటిది: ఏ పట్టణం నుంచి ఎంత చెత్త వస్తున్నది, దానిలో వేరుచేసినది ఎంత? కలిపి తెచ్చిన లారీని కర్మాగారం గేటు దగ్గరే తిప్పి పంపే షరతు ఒప్పందంలో వున్నదా?

రెండవది: పొయ్యి వేడి, పొగలోని విషాల కొలతలు గేటు బయట, తెలుగులో, అందరూ చదివేలా బోర్డు మీద పెడుతున్నారా? కాలుష్య నియంత్రణ మండలి పరీక్ష చేసినప్పుడు గ్రామం తరఫున ఎవరైనా పక్కన వుంటున్నారా?

మూడవది: బూడిద లారీ ఎక్కడికి వెళుతున్నది? చుట్టుపక్కల బావుల, బోర్ల నీటిని ఏటా పరీక్షించి ఫలితాలు పంచాయతీ కార్యాలయంలో అతికిస్తున్నారా?

నాలుగవది: తడి చెత్తతో తయారైన ఎరువు, గాజు, ప్లాస్టిక్కు లేకుండా జల్లించి, చుట్టుపక్కల గ్రామాల రైతులకు ముందుగా, తక్కువ ధరకు ఇస్తున్నారా?

ఈ నాలుగింటికీ సరైన జవాబులు వస్తే కర్మాగారం వుండవచ్చు, నడవవచ్చు. పట్నం శుభ్రమవుతుంది, పల్లెకు ఎరువు వస్తుంది, కొంత కరెంటూ వస్తుంది. జవాబులు రాకపోతే అది విద్యుత్ కర్మాగారం కాదు, పొగగొట్టం తగిలించిన చెత్త గుట్ట.

అయితే ఇతరులను అడిగే ముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. మన పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారు చేస్తామని కట్టిన షెడ్లలో కొన్నిచోట్ల తాళాలు వేలాడుతున్నాయి. ఊరి చెత్త చెరువు గట్టున పడుతున్నది, సాయంత్రానికి ఎవరో ఒకరు నిప్పు పెడుతున్నారు. పేడ, తొక్కలు ఒక గోతిలో, ప్లాస్టిక్కు ఒక సంచిలో వేయడం మన ఊళ్ళో మనం చేయలేకపోతే, లక్షల జనమున్న పట్నాన్ని చేయమని ఏ నోటితో అడుగుతాము?

ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్లు, ఇవతలి పల్లె బాధ అవతలి పట్నానికి తనంత తానుగా తెలియదు. మనమే తెలియజెప్పాలి. మన అన్నదమ్ములు, ఆడపడుచులు, బిడ్డలు ఆ పట్నాల్లోనే కాపురాలుంటున్నారు. పండగకు వచ్చినప్పుడు వారికి ఈ సంగతి చెబుదాము. తడి చెత్త వేరే బుట్టలో వేయండి, అది మన చేనుకు వస్తుంది, పొడి చెత్త వేరే వేయండి, అప్పుడే మన ఊరి గాలి బాగుంటుంది అని. మునిసిపల్ అధికారులు, కార్పొరేషన్ పెద్దలు, కాలుష్య నియంత్రణ మండలి వారు కూడా కర్మాగారం సామర్థ్యం ఎన్ని మెగావాట్లని చెప్పుకోవడం తగ్గించి, నూరిళ్ళలో ఎన్ని ఇళ్ళు చెత్త వేరుచేస్తున్నాయో నెలనెలా ప్రకటించడం మొదలుపెట్టాలి. తడి కట్టెతో అన్నం ఉడకదని మన పెద్దమ్మలకు తెలిసిన పాటి సంగతి పాలకులకు ఇకనైనా తలకెక్కుతుందా?